గాలపు కొక్కేనికి ముడి వేయడం: పనిముట్లు, పద్ధతులు, బిగింపు

చేప తగిలాక దారం తెగిపోతే నేరాన్ని దారం మీదకు నెట్టడం మామూలే. తెగిన చోటును పరిశీలిస్తే అది చాలాసార్లు కొక్కెం పక్కనే, అంటే ముడి దగ్గరే ఉంటుంది. ఏ దారమైనా ముడి పడిన చోట ఎంతో కొంత బలం కోల్పోతుంది. ఎంత కోల్పోతుందన్నది ముడి పేరును బట్టి కొంత మారినా, ఆ దారానికీ ఆ కొక్కేనికీ ఆ ముడి నప్పిందా, దాన్ని ఎంత ఓపికగా బిగించారు అన్న వాటిని బట్టి ఇంకా ఎక్కువగా మారుతుంది. అందువల్ల ఇక్కడ పదుల కొద్దీ ముడులను వర్ణించడం లేదు. రోజువారీ అవసరాలన్నింటికీ సరిపోయే నాలుగింటిని, వాటిలోనూ కాడ చుట్టూ వేసే ముడిని కాస్త వివరంగా చెబుతాను.

కొక్కేన్ని ముందు చూడాలి

కొక్కెంలో గుచ్చుకునే కొన మొన. మొనకు కాస్త దిగువన వెనక్కి తిరిగి ఉండేది ముల్లు. గుండ్రంగా తిరిగిన భాగం వంపు, నిటారుగా ఉన్నది కాడ, కాడ చివర దారం దూరే రంధ్రం కన్ను. కన్ను మూడు రకాలుగా ఉంటుంది. కాడకు తిన్నగా ఉండేది ఒకటి, మొనకు దూరంగా వెనక్కి వంగినది రెండవది, మొన వైపుకు ముందుకు వంగినది మూడవది. ఇవి కాక, అసలు కన్నే లేకుండా కాడ చివరను నలగగొట్టి రేకులా వెడల్పు చేసిన కొక్కేలు కూడా ఉన్నాయి. వీటిని ఇక్కడ చదును కొన కొక్కేలు అందాం. ఏ ముడి వేయాలన్నది మొట్టమొదట ఈ కొన తీరును బట్టే తేలుతుంది.

సైజు అంకెలు కొత్తవారిని తికమక పెడతాయి. 20, 16, 10, 6, 1 అని అంకె తగ్గుతున్న కొద్దీ కొక్కెం పెద్దదవుతుంది. 1 తరువాత 1/0, 2/0, 3/0 అని లెక్క తిరగబడి, అక్కడి నుంచి అంకె పెరిగే కొద్దీ కొక్కెం పెద్దదవుతుంది. పైగా ఒకే అంకె ఉన్న కొక్కేలు వేర్వేరు తయారీదారుల వద్ద వేర్వేరు కొలతల్లో ఉండవచ్చు కాబట్టి, అంకె కంటే కంటి వెడల్పును కళ్లారా చూసుకోవడం మేలు.

కంటిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూడండి. చాలా కొక్కేల్లో కన్ను అంటే తీగ చివరను ఉంగరంలా వంచినదే. ఆ ఉంగరం కాడను తాకే చోట వెంట్రుక వాసి సందు మిగిలిపోతూ ఉంటుంది. సన్నని దారం ఒత్తిడికి జరిగి ఆ సందులోకి దిగితే, తీగ అంచు దాన్ని కోసేస్తుంది. సందు స్పష్టంగా కనిపిస్తే ఆ కొక్కేన్ని పక్కన పెట్టడమో, కంటికి కాక కాడకు ముడి వేయడమో చేయాలి. పూత పెచ్చులు కంటిలో అడ్డుపడి ఉంటే సూదితో తీసేయాలి. మొన పదునును బొటనవేలి గోరు మీద పరీక్షించవచ్చు. మొనను గోరుపై ఆనించి మెల్లగా జరిపితే అది గీత పెడుతూ పట్టుకోవాలి, జారిపోతే సన్నని ఆకురాయితో పదును పెట్టాలి.

దారం స్వభావం

డ్యూపాంట్ సంస్థ 1939లో మార్కెట్లోకి తెచ్చిన ఒంటిపోగు నైలాన్ దారం ఇప్పటికీ నేర్చుకునేవారికి అన్నిటికన్నా అనుకూలమైనది. అది మెత్తగా ఉంటుంది, కొద్దిగా సాగుతుంది, ముడిలో చుట్లు వాటంతట అవే సర్దుకుంటాయి. నీటిని పీల్చుకుంటుంది కాబట్టి తడిసినప్పుడు దాని బలం కొంత తగ్గుతుంది. జపాన్‌కు చెందిన కురేహా సంస్థ 1971లో చేపల వేటకు తెచ్చిన ఫ్లోరోకార్బన్ దారం నీటిని పీల్చుకోదు. దాని వక్రీభవన గుణకం, అంటే కాంతిని ఎంత వంచుతుందో చెప్పే అంకె, సుమారు 1.42, నీటిది 1.33. నైలాన్‌తో పోలిస్తే ఈ రెండింటి మధ్య తేడా తక్కువ కావడం వల్ల అది నీటిలో అంతగా కనిపించదు. అయితే అది బిరుసైన దారం. చుట్లు ఒకదాని పక్కన ఒకటి కూర్చోవడానికి మొరాయిస్తుంది, హడావుడిగా లాగితే ఒకదాన్నొకటి నొక్కి తానే కోసుకుంటుంది. మూడవది బ్రెయిడ్, అంటే సన్నని పాలిథిలిన్ పోగులను అల్లిన దారం. లావుతో పోలిస్తే దీని బలం చాలా ఎక్కువ, సాగుడు దాదాపు లేదు, కానీ ఒళ్లంతా జారుడు. నైలాన్‌కు చక్కగా నిలిచే ముడి ఇందులో మెల్లగా జారి ఊడిపోతుంది.

చుట్ల సంఖ్య కూడా దీన్ని బట్టే ఉంటుంది. 0.20 మిల్లీమీటర్ల నైలాన్‌కు ఆరేడు చుట్లు, 0.30 ప్రాంతంలో ఐదు, 0.50 దాటితే నాలుగు సరిపోతాయి. లావు దారానికి ఎక్కువ చుట్లు వేస్తే బలం పెరగదు సరికదా, ముడి పూర్తిగా బిగియదు. బ్రెయిడ్‌కు మాత్రం ఎనిమిది వరకు వేయడం మంచిది.

పనిముట్లు

వేళ్లు, నీరు, ఒక కత్తెర ఉంటే ముడి వేయవచ్చు. మిగతావన్నీ పనిని సులభం చేసేవే. నైలాన్‌ను, ఫ్లోరోకార్బన్‌ను గోళ్లు తీసే కట్టర్ శుభ్రంగా తెంపుతుంది. బ్రెయిడ్‌ను మాత్రం అది నమిలి పీచు చేస్తుంది. దానికి అంచున సన్నని పళ్లున్న చిన్న కత్తెర కావాలి. కొసను అగ్గిపుల్లతో కాల్చి గుండు చేసే అలవాటు కొందరికి ఉంది. బ్రెయిడ్ పాలిథిలిన్ సుమారు 145 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరిగిపోతుంది కాబట్టి, కొసకు తగిలే వేడి ముడి లోపలి దారాన్ని కూడా బలహీనపరుస్తుంది. ఆ పని మానుకోవడమే మంచిది. దారాన్ని పళ్లతో కొరకడం పంటికి చేటు. సీసపు గుండును పళ్లతో నొక్కి దారానికి బిగించడం ఇంకా చేటు, ఎందుకంటే సీసం విషం. ఆ రెండు పనులకూ సంచిలో ఒక చిన్న పట్టకారు ఉండాలి.

ఆ పట్టకారే ముడి బిగించేటప్పుడు కొక్కేన్ని వంపు దగ్గర పట్టుకోవడానికి పనికొస్తుంది. చిన్న కొక్కేలకు వైద్యులు వాడే తాళం పడే ఫోర్సెప్స్ ఇంకా అనువైనది. ఒకసారి పట్టించి వదిలేస్తే రెండు చేతులూ ఖాళీ అవుతాయి. ఇంట్లో కూర్చుని ఒకేసారి చాలా కొక్కేలు కట్టేవారు బల్లకు బిగించే చిన్న వైస్ వాడవచ్చు. 16 కంటే చిన్న కొక్కేలకు భూతద్దం, చీకట్లో తలకు కట్టుకునే దీపం అవసరమవుతాయి. కంటిలోకి దారం దూరకపోతే, సూదిలో దారం ఎక్కించే పలుచని తీగ సాధనం ఇక్కడా పనిచేస్తుంది.

ఇక ముడి వేయడానికే చేసిన సాధనాలు రెండు రకాలు. ఒకటి సన్నని గొట్టం, రెండవది కొక్కెం కట్టే పరికరం. గొట్టాన్ని ఎలా వాడాలో కాడ ముడి దగ్గర, పరికరాన్ని ఎలా వాడాలో చదును కొన కొక్కేల దగ్గర చెబుతాను.

ఏ ముడికైనా వర్తించే పద్ధతి

ముందుగా దారం చివరి మీటరును వేళ్ల మధ్య పట్టి జార్చి చూడాలి. ఎక్కడైనా గరుకుగా, చదునుగా, తెల్లబారినట్లుగా ఉంటే అక్కడి దాకా తెంపి పారేయాలి. ఆ తరువాత కొసకు ధారాళంగా, కనీసం 15 సెంటీమీటర్ల దారం వదలాలి. కొస పొట్టిగా ఉంటే వేళ్లు తొందరపడతాయి, చుట్లు వదులవుతాయి. ఇక్కడ నుంచి, గెడ వైపు వెళ్లేదాన్ని పై దారం అని, చివర ఖాళీగా ఉన్నదాన్ని కొస అని పిలుద్దాం.

చుట్లు పూర్తయ్యాక, బిగించే ముందు ముడిని తడపాలి. పొడి ముడిని ఒక్క గుంజు గుంజితే దారం దారానికి రాసుకుని వేడెక్కుతుంది, ఆ వేడికి నైలాన్ ఉపరితలం పాడవుతుంది. బిగింపు రెండు దశల్లో జరగాలి. మొదట కొసను, పై దారాన్ని కొద్దికొద్దిగా లాగి చుట్లన్నీ వరుసగా దగ్గర పడేలా చేయాలి. ఈ దశలో ముడి ఇంకా కదలగలగాలి, ఏదైనా చుట్టు మరో చుట్టు మీద ఎక్కి ఉంటే గోటితో సర్దవచ్చు. ఆ వరుస సరిగా ఉన్నట్లు కంటికి కనిపించాకే మళ్లీ తడిపి, పై దారాన్ని స్థిరంగా, కుదుపు లేకుండా, ఇక కదలదు అనిపించే దాకా లాగాలి. చాలామంది ఇక్కడే ముందుగా ఆగిపోతారు. వారు వదిలేసిన బిగింపును తరువాత చేప పూర్తి చేస్తుంది, అదీ ఒక్క కుదుపుతో, పొడి ముడి మీద జరిగినట్లే.

చివరగా కొసను రెండు మూడు మిల్లీమీటర్లు మిగిల్చి తెంపాలి. ముడికి ఆనించి తెంపితే చూడటానికి బాగుంటుంది కానీ, కాస్త జారినా ముడి ఊడుతుంది. బిగించేటప్పుడు కొక్కెం మొన ఎప్పుడూ ముఖానికి ఎదురుగా ఉండకూడదు. పట్టు జారితే అది ఎగిరి వచ్చేది లాగే చేతి వైపుకే.

కంటికి వేసే మూడు ముడులు

ఇంప్రూవ్డ్ క్లించ్ అన్నిటికన్నా ఎక్కువ మంది మొదట నేర్చుకునే ముడి. కొసను కంటిలోంచి దూర్చి, దాన్ని పై దారం చుట్టూ ఐదు సార్లు తిప్పాలి. ఇప్పుడు కంటికి ఆనుకుని ఒక చిన్న సందు మిగులుతుంది. కొసను వెనక్కి తెచ్చి ఆ సందులో దూర్చితే పక్కన ఒక పెద్ద ఉచ్చు ఏర్పడుతుంది. అదే కొసను ఆ పెద్ద ఉచ్చులోంచి కూడా తీసి, తడిపి, పై దారాన్ని లాగాలి. 0.40 మిల్లీమీటర్ల లోపు నైలాన్‌కు ఇది బాగుంటుంది. లావు దారంలో చుట్లు సరిగా కూర్చోవు, బ్రెయిడ్‌లో జారుతుంది. ఈ ముడికి దాని యోగ్యతను మించిన ప్రచారం ఉందని నా అభిప్రాయం.

పాలోమార్ ముడి వేయడం సులువు, చెడగొట్టడం కష్టం. దారాన్ని 15 సెంటీమీటర్ల మేర జంటగా మడిచి, ఆ మడతను కంటిలోంచి దూర్చాలి. ఆ జంట దారంతోనే పై దారపు జంట చుట్టూ ఒక సాధారణ ముడిని వదులుగా వేయాలి. కొక్కెం ఆ ముడి కింద వేలాడుతూ ఉంటుంది. మడత చివరి ఉచ్చును వెడల్పు చేసి, కొక్కేన్ని మొత్తంగా అందులోంచి దాటించి, తడిపి, పై దారాన్నీ కొసనూ కలిపి లాగాలి. రెండు పోగులు ఒకదాని మీద ఒకటి అడ్డం పడకుండా పక్కపక్కనే ఉండాలన్నది ఒక్కటే జాగ్రత్త. బ్రెయిడ్‌ను నేరుగా కొక్కేనికి కట్టాలంటే నేను ముందు దీన్నే ఎంచుకుంటాను. జంట దారం పట్టనంత చిన్న కన్ను ఉన్న కొక్కేనికి మాత్రం ఇది కుదరదు.

యూనీ ముడిని కొన్ని చోట్ల గ్రిన్నర్ అంటారు. కొసను కంటిలోంచి దూర్చి పై దారానికి సమాంతరంగా వెనక్కి తీసుకుపోవాలి. అక్కడి నుంచి దాన్ని కంటి వైపుకు మళ్లించి ఒక ఉచ్చు చేయాలి. ఇప్పుడు కొసను ఆ ఉచ్చు లోపలి నుంచి, రెండు దారాలనూ కలుపుకుంటూ ఐదారు సార్లు చుట్టాలి. కొసను లాగితే చుట్లు దగ్గరపడి ఒక చిన్న గొట్టంలా అవుతాయి. తడిపి పై దారాన్ని లాగితే ఆ గొట్టం జారి కంటి దగ్గర కూర్చుంటుంది. దీని గొప్పతనం ఏమిటంటే, ఇదే చేతివాటం కొద్ది మార్పుతో కాడ ముడికి పనికొస్తుంది.

కాడ ముడి, అంటే స్నెల్

కంటికి వేసిన ముడి ఎంత మంచిదైనా అది కంటిలో అటూ ఇటూ కదులుతుంది. స్నెల్ ముడిలో దారం కాడను చుట్టుకుని పట్టుకుంటుంది కాబట్టి, లాగుడు కాడ వెంబడి తిన్నగా పడుతుంది, భారం మొత్తం కంటి అంచు మీద పడదు. వలయాకారపు కొక్కేలకు, అంటే మొన కాడ వైపుకు తిరిగి ఉండే వాటికి, ఇది మరీ నప్పుతుంది. దారాన్ని కంటిలోకి మొన ఉన్న వైపు నుంచి దూర్చి కట్టినప్పుడు, లాగిన వెంటనే కొక్కెం కాస్త తిరిగి మొన బయటికి తెరుచుకుంటుంది. కాగితం మీద కాడను ఆనించి దారాన్ని మెల్లగా లాగి చూస్తే ఈ కదలిక కంటికి కనిపిస్తుంది. తిన్నని కన్నుకు, వెనక్కి వంగిన కన్నుకు ఈ దిశ సరైనది. ముందుకు వంగిన కన్ను అయితే వెనుక వైపు నుంచి దూర్చాలి, లేకపోతే దారం కంటి అంచు దగ్గర మడత పడుతుంది.

చేతితో కట్టే పద్ధతి ఇది:

1. కొక్కేన్ని వంపు దగ్గర ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలి మధ్య పట్టుకుని, కన్ను పైకి ఉండేలా చూసుకోండి. కొసను కంటిలోంచి దూర్చి 20 సెంటీమీటర్లు లాగి, కాడ వెంబడి వంపు వైపుకు పరచండి.
2. కొసను వంపు దగ్గర వెనక్కి మళ్లించి కాడ పక్కన ఒక ఉచ్చు చేయండి. కాడ, దాని మీద పరిచిన దారం, ఉచ్చు ఒకే చోట వేళ్ల మధ్య నొక్కి ఉండాలి.
3. కొసను ఉచ్చు లోపలి నుంచి కాడ చుట్టూ, కాడ మీది దారాన్ని కూడా కలుపుకుంటూ ఆరు నుంచి ఎనిమిది సార్లు చుట్టండి. ప్రతి చుట్టునూ ముందు చుట్టు పక్కనే పెట్టి, పట్టు సడలకుండా వేలితో అదుముతూ పోవాలి.
4. తడిపి, కొసను లాగి చుట్లను దగ్గర చేయండి. వాటిని గోటితో కంటి వైపుకు నెట్టండి.
5. వంపును పట్టకారుతో పట్టుకుని పై దారాన్ని స్థిరంగా లాగండి, ఆ తరువాత కొసను మరోసారి లాగి తెంపండి.

మూడవ అడుగులో వేళ్లు తడబడటం సహజం. అక్కడే గొట్టం ఆదుకుంటుంది. ఖాళీ అయిన బాల్‌పెన్ రీఫిల్ లాంటి బిరుసైన సన్నని గొట్టాన్ని ఆరు సెంటీమీటర్లు కోసి, లోపల శుభ్రం చేసుకోండి. దారాన్ని కంటిలోంచి దూర్చి కాడ మీద పరిచాక, గొట్టాన్ని కాడకు ఆనించి పట్టుకోండి. వంపు వైపు నుంచి మొదలుపెట్టి, కాడ, దారం, గొట్టం మూడింటినీ కలిపి కంటి వైపుకు చుట్లు వేయండి. అక్కడ కొసను గొట్టంలోకి దూర్చితే అది చుట్ల కింది నుంచి వంపు వైపు బయటికి వస్తుంది. చుట్లను వేళ్లతో అదిమి ఉంచి, గొట్టాన్ని వంపు వైపుకు నెమ్మదిగా లాగేయండి. కొస దానంతటదే సరైన చోట ఉండిపోతుంది. ఇక తడిపి రెండు వైపులా లాగడమే మిగిలింది.

చదును కొన కొక్కేలు

ఇక్కడ కన్ను లేదు కాబట్టి పై పద్ధతిలో మొదటి అడుగు ఉండదు. దారాన్ని నేరుగా కాడ మీద పరిచి, ఉచ్చు చేసి, చుట్లు వేయాలి. బిగించేటప్పుడు చుట్లను చదును కొన దాకా నెడితే, ఆ వెడల్పే వాటిని జారిపోకుండా ఆపుతుంది. అన్నిటికన్నా ముఖ్యమైన విషయం, పై దారం చదును కొనకు మొన ఉన్న వైపు నుంచే బయటికి రావాలి. వెనుక వైపు నుంచి వస్తే కొక్కెం వాలు మారి సరిగా గుచ్చుకోదు, పైగా దారం రేకు అంచుకు రాసుకుంటుంది. బిగించాక ఒకసారి తిప్పి చూసి, దారం పక్కకు జరిగి ఉంటే గోటితో ముందు వైపుకు తేవాలి.

ఈ కొక్కేలు చాలా చిన్న సైజుల్లో కూడా వస్తాయి కాబట్టి, కొక్కెం కట్టే పరికరం అసలు అవసరం ఇక్కడే. ఒక చివర కొక్కేన్ని నిలిపే గాడి, పక్కన దారం పట్టే చీలిక, చుట్లు వేశాక కొసను తగిలించే చిన్న వంకీ దాదాపు అన్నిటిలోనూ ఉంటాయి. దారాన్ని చీలికలో పట్టించి, కాడ చుట్టూ తిప్పి, వంకీకి తగిలించి పై దారాన్ని లాగితే ముడి పరికరం మీది నుంచి కాడ మీదికి జారుతుంది. బ్యాటరీతో తిరిగేవీ ఉన్నాయి. నమూనాను బట్టి వరుస మారుతుంది కాబట్టి, మొదట 6 లేదా 4 సైజు కొక్కెం, లావు రంగు దారం తీసుకుని అభ్యాసం చేయండి. ఆ సైజులో చేయి తిరిగాకే 16, 18 జోలికి పోవాలి.

పరీక్ష, తెగిన కొస చెప్పే సంగతి

ముడి వేసిన ప్రతిసారీ కొక్కేన్ని ఒక గట్టి మేకుకో, పట్టకారుకో తగిలించి, దారం బలంలో సుమారు సగం లాగుడుతో కొన్ని క్షణాలు పట్టి ఉంచాలి. కొత్త దారం కొన్నప్పుడు, ఇంట్లో ఒక స్ప్రింగ్ త్రాసు కట్టి తెగే దాకా లాగి చూడటం ఇంకా ఉపయోగకరం. ఒకే దారానికి రెండు ముడులు వేసి, రెంటినీ నీటిలో నానబెట్టి, ఒక్కోదాన్ని చాలాసార్లు పరీక్షిస్తే, మీ చేతికి ఏ ముడి నమ్మదగినదో స్పష్టమవుతుంది. ఆ పరీక్షలో కళ్లద్దాలు పెట్టుకోవాలి.

తెగిన లేదా ఊడిన కొసను పారేయకుండా చూడండి. కొస స్ప్రింగులా మెలికలు తిరిగి ఉంటే ముడి జారి ఊడిందని అర్థం. చుట్లు తక్కువయ్యాయి, లేదా బిగింపు చాలలేదు, లేదా కొసను మరీ పొట్టిగా తెంపారు. ముడి మొదలయ్యే చోటే తిన్నగా పుటుక్కున తెగి ఉంటే చుట్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి కోసుకున్నాయి, లేదా పొడిగా బిగించారు. ముడికి కాస్త పైన, గరుకుగా తెగితే అది రాయికో, పంటికో రాసుకున్న దారం, ముడి తప్పు కాదు. కంటి దగ్గర ఒక వైపే కోసినట్లు ఉంటే మొదట చెప్పిన ఉంగరపు సందును అనుమానించాలి.

ముందుగా కట్టి పెట్టుకోవడం

గాలి, చీకటి, తడి చేతుల మధ్య చిన్న కొక్కేలు కట్టడం విసుగు పుట్టించే పని. 20 నుంచి 45 సెంటీమీటర్ల దారం ముక్కలకు కొక్కేలు కట్టి, రెండవ చివర ఒక ఉచ్చు వేసి ఉంచితే, నీటి దగ్గర ఆ ఉచ్చును పై దారానికి తగిలించడమే పని. ఈ ఉచ్చులన్నీ ఒకే పొడవులో ఉండాలంటే ఒక చెక్క ముక్కకు రెండు మేకులు కొట్టి, వాటి మధ్య కొలిచి కట్టాలి. కట్టినవాటిని గట్టి ఫోమ్ పలకకు వరుసగా గుచ్చి, దారం మెలిక పడకుండా చుట్టి, పైన సైజు, దారం మందం రాసిపెట్టండి. ఎండ తగిలే చోట ఉంచితే నైలాన్ క్రమేణా పెళుసవుతుంది.

వాడిన కొక్కెం తడితో తిరిగి అదే పలక మీదికి వెళ్లకూడదు. ఒక్క తుప్పు పట్టిన కొక్కెం పక్కనున్నవాటిని కూడా పాడు చేస్తుంది. ఉప్పునీటిలో వాడినవాటిని మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, వేరే డబ్బాలో పెట్టాలి. పాత ముడి మీద మళ్లీ నమ్మకం పెట్టుకోకుండా, తరువాతి వాడకానికి ముందు తెంపి కొత్తగా కట్టాలి. తెంపిన నైలాన్ ముక్కలను, ఎంత చిన్నవైనా, గట్టున వదలకుండా ఒక మూత ఉన్న సీసాలో వేసి తీసుకురండి. అవి పక్షుల కాళ్లకు చుట్టుకుంటాయి, నేలలో ఏళ్ల తరబడి కుళ్లకుండా ఉండిపోతాయి.